ఎనిమిదో తరగతి పర్యావరణ పాఠానికి లక్ష్యం: మొక్క నాటించడమా, ఊరి డ్రెయిను చూపించడమా?

సోషల్ మాస్టారు:
కొల్లేరు సరస్సు అంచున ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిదో తరగతి పర్యావరణం యూనిట్‌కి అభ్యసన ఫలితాలు, అంటే పాఠమయ్యాక పిల్లాడు ఏం చెయ్యగలగాలో చెప్పే లక్ష్యాలు, ఈసారి మనమే రాసుకుందామని చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో అనుకున్నాం. అందరి కాగితాల్లోనూ దాదాపు ఒకటే: మొక్క నాటి సంరక్షిస్తాడు, ప్లాస్టిక్ వాడడు, పర్యావరణ పరిరక్షణ ప్రాముఖ్యతను వివరిస్తాడు. నేను రెండే రాశాను. ఒకటి, తన ఊరి డ్రెయినులోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఏ దారిన ఉప్పుటేరులో (కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఏరు) కలుస్తున్నాయో పటం గీస్తాడు. రెండు, ఆ నీళ్లు పాడవడానికి బాధ్యులను ఆధారాలతో గుర్తిస్తాడు.

రెండోది చదివేసరికి టీ గ్లాసులు కింద పెట్టారు. "సగం మంది పిల్లల ఇళ్లలో చేపల చెరువులున్నాయి, మిగతా సగం ఇళ్లవాళ్లు వాటిమీద పనికెళ్తారు. ఎందుకండీ మనకి?" అన్నారొక సీనియర్. అంటే కొల్లేరు పక్కన కూచుని అమెజాన్ అడవుల గురించి ఎంతైనా చెప్పొచ్చు, కొల్లేరు గురించి మాత్రం చెప్పకూడదు. ఇది 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు, 2002 నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో ఉన్నది. ఇక్కడి పిల్లాడికి దీని గురించి ఏమీ తెలియకుండా పదో తరగతి పాసయ్యే వీలుంటే ఆ లక్ష్యాలెందుకు? మీరేమంటారు?

ఎకోక్లబ్ మేడమ్:
మాది అనంతపురం వైపు. మీ ఆవేశం అర్థమైంది గానీ మాస్టారూ, మొక్కని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మా దగ్గర జూలైలో నాటిన మొక్కకి అసలు పరీక్ష ఏప్రిల్లో. బడికి సెలవులిస్తారు, మళ్లీ జూన్ రెండో వారం దాకా గేటుకి తాళం. ఆ ఎండల్లో నీళ్లెవరు పోస్తారు? అందుకే నేను "మొక్క నాటుతాడు" అని రాయను. "వేసవి సెలవుల్లో మొక్కకి నీళ్లు ఎవరు, ఎక్కణ్ణుంచి తెచ్చి పోయాలో ప్రణాళిక వేస్తాడు, జూన్‌లో మొక్కను చూపిస్తాడు" అని రాస్తాను. దాంతో పిల్లలు బోరు ఎప్పుడు ఎండుతుందో, కంచెకి ముళ్లకంప ఎవరిస్తారో, కానుగ వేస్తే మేకలు ముట్టవా అనీ వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. పాఠం అక్కడే అయిపోయింది.

ఇంకోటి. అవగాహన అవగాహన అంటారు గానీ, అలవాటు లేని అవగాహన దేనికి? గ్లోబల్ వార్మింగ్ మీద గంట మాట్లాడే సార్లు మా బళ్లోనూ ఉన్నారు. స్టాఫ్ రూమ్ ఫ్యాను ఆపి రావడం మాత్రం వాళ్ల సిలబస్‌లో లేదు.

నగరం నాన్న:
హైదరాబాద్. మేడమ్ చెప్పిన లక్ష్యం బాగుంది, కానీ ఎన్ని బళ్లలో అలా రాస్తారు? ఎక్కువ చోట్ల ఎన్ని నాటారు, ఫొటో ఎక్కడ అన్నదే లెక్క. లెక్క కోసం నాటితే ఏమవుతుందో మేం కళ్లారా చూశాం. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం మొదలుపెట్టాక రోడ్ల పక్కన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు విపరీతంగా వచ్చింది. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. లెక్కకి ఇంతకంటే మంచి చెట్టు లేదు. తర్వాత అది హాని చేస్తుందని తెలంగాణలో ప్రభుత్వమే ఇక నాటొద్దంది. పెద్దవాళ్లే సంఖ్య వెంట పడి తప్పు చెట్టు నాటితే, పిల్లాడికి "అయిదు మొక్కలు నాటుతాడు" అని లక్ష్యం పెట్టి ఏం నేర్పుతాం? ఆ సంఖ్య బడి గురించి చెప్తుంది, పిల్లాడి గురించి కాదు.

మా అమ్మాయిది ప్రైవేటు స్కూలు. ప్లాస్టిక్ కాలుష్యం మీద మోడల్ చేసుకు రమ్మన్నారు. స్టేషనరీ షాపులో రెడీమేడ్ దొరికింది. థర్మోకోల్‌తో.

బడిగంట:
థర్మోకోల్ 😂 మావాడిదీ అదే షాపేమో.

విశ్రాంత డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ) లెక్చరర్:
ఈ గొడవ కొత్తదేం కాదు. 1977లో జార్జియాలోని తిబిలిసిలో యునెస్కో పెట్టిన సభ పర్యావరణ విద్యకి అయిదు లక్ష్యాలు చెప్పింది: స్పృహ, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాల్గొనడం. మేడమ్ గారు అయిదోదాన్ని పట్టుకున్నారు, మాస్టారు రెండోదాన్నీ నాలుగోదాన్నీ. మన బళ్లలో ఎక్కువగా మొదటి దగ్గరే ఆగిపోతాం. పోస్టర్, ర్యాలీ, ప్రతిజ్ఞ.

చట్టం వైపు నుంచి లోటు లేదు. 1976 రాజ్యాంగ సవరణతో ప్రకృతిని కాపాడటం పౌరుల ప్రాథమిక విధి అయింది. 1991లో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించమంది. ఎంతకీ కదలిక లేకపోతే 2003లో కేంద్రంలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీనే సిలబస్ తయారు చెయ్యమంది. మన సైన్సు పుస్తకాల విద్యా ప్రమాణాల్లో ప్రశ్నించడం, క్షేత్ర పరిశీలన, జీవవైవిధ్యం అన్నీ ఉన్నాయి. వాటిని మన ఊరి మట్టిలోకి దించి రాసుకోవడమే మనం చెయ్యం. పాఠ్య ప్రణాళికలో పక్కవారిది చూసి ఎక్కించేస్తాం. నేను తనిఖీ చేసిన రోజుల్లో కోస్తా బడి ప్రణాళికలో "ఎడారి మొక్కలను పరిశీలిస్తాడు" అని చూశాను. ఎక్కడికెళ్లి పరిశీలిస్తాడో!

కానీ మాస్టారూ, మీ రెండో లక్ష్యంతో నాకూ పేచీ ఉంది. "బాధ్యులను గుర్తిస్తాడు" అంటే నేరం జరిగింది, నేరస్థుణ్ణి పట్టుకో అని పదమూడేళ్ల పిల్లాణ్ణి పంపినట్టు. జవాబు మీ దగ్గర ముందే ఉంది. జవాబు ముందే తేలిపోయాక పిల్లాడు వెతికేదేముంది?

చెరువు రైతు:
నేను పంతుల్ని కాదండి. కైకలూరు వైపు రైతుని, చేపల చెరువులున్నాయి. మా వాడూ ఎనిమిదే చదువుతున్నాడు. వాడు సాయంత్రం ఇంటికొచ్చి "నాన్నా, కొల్లేరుని పాడుచేసింది నువ్వేనంట" అంటే నేనేం చెప్పాలి? 2006లో అభయారణ్యం హద్దులోని చేపల చెరువులు తీసేయడానికి ప్రభుత్వం చేసిన కొల్లేరు ఆపరేషన్‌లో మా చుట్టాల చెరువుల గట్లు పేల్చేశారు. అప్పులు మాత్రం పేలలేదు. ఆ కథ కూడా చెప్తారా క్లాసులో, లేక పక్షుల బొమ్మలేనా?

సోషల్ మాస్టారు:
చెప్తానండి. అది చెప్పకపోతే పాఠం సగమే. అభయారణ్యం ప్రకటన, చెరువుల కూల్చివేత, హద్దును అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి అయిదడుగుల ఎత్తు గీత) నుంచి మూడుకి తగ్గించమని 2008లో అసెంబ్లీ చేసిన తీర్మానం, ఇవన్నీ పిల్లల ముందు పెట్టాల్సినవే. మా బడి నుంచి ఆటపాక పక్షుల కేంద్రం ఎంత దూరం? అక్కడికి పెలికాన్లు చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు, మా పిల్లలు పిక్నిక్‌కి వెళ్లి సెల్ఫీలు తీసుకుని వస్తారు. ఆ పక్షులక్కడ ఎందుకున్నాయి, చేప తగ్గితే ఏమవుతుంది అని అడిగితే నోరు మెదపరు.

లెక్చరర్ గారి మాట మాత్రం నన్ను పట్టుకుంది. ఇంకా ఆలోచిస్తున్నాను.

ఎకోక్లబ్ మేడమ్:
రైతు గారి బాధ న్యాయమైనదే. అందుకే అలవాట్ల దగ్గర మొదలుపెట్టమన్నాను. ఇంట్లో గొడవ రాదు.

నగరం నాన్న:
మేడమ్, గొడవ రాకపోవడమే కొలతైతే ఎన్నటికీ చెయ్యి కడుక్కోవడం, చెత్తబుట్ట వాడటం దగ్గరే ఉంటాం. బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచింది. ఆ నీళ్లు చివరికి కొల్లేరుకే కదా వెళ్లాలి? దారిలో ఏం అడ్డున్నాయో విజయవాడ పిల్లలకి ఏ క్లాసులో చెప్తున్నారు?

చెరువు రైతు:
నేర్పాలంటే నా చెరువు మీదకే తీసుకురండి. మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనపడుతుందో లేదో చూస్తే నీళ్లు ఎంత పచ్చబడ్డాయో చెప్పేస్తాం. దానికి పుస్తకం అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు మర్నాడు తెల్లారుజామున నాలుగింటికి రండి. ఆక్సిజన్ పడిపోయి చేప పైకొచ్చి నోళ్లు తెరుస్తుంది. పరుగెత్తి ఇంజను వేసి నీళ్లు కొట్టకపోతే పొద్దున్నకి తేలిపోతుంది, ఏడాది కష్టం అంతా. మేత ఎక్కువేసినా అంతే, కోళ్ల పెంట ఎక్కువేసినా అంతే. నీళ్లు పాడైతే ముందు మునిగేది నేనే. ఆ సంగతి మీ లక్ష్యంలో లేదు.

విశ్రాంత డైట్ లెక్చరర్:
ఇంకేం కావాలి మాస్టారూ? "చెరువు నీటి రంగు, అరచెయ్యి కనబడే లోతు పది రోజులు నమోదు చేసి, మార్పుకి కారణం ఊహించి, రైతుని అడిగి సరిచూసుకుంటాడు." ఇది రాయండి. పిల్లాడు చేశాడో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు.

ఎకోక్లబ్ మేడమ్:
బాగుంది. మార్కులెలా వేస్తారు? ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు కాలమ్‌లో ఏదో ఒకటి వేసేస్తే మళ్లీ థర్మోకోలే.

సోషల్ మాస్టారు:
నోటు పుస్తకంలో రోజువారీ లెక్క ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఊహ తప్పైనా మార్కు పోదు, లెక్క రాయకపోతే పోతుంది. ఇంతకంటే మెరుగైన పద్ధతి మీ దగ్గరుంటే చెప్పండి.

రైతు గారూ, "బాధ్యులు" అన్నది "కారణాలు" చేశాను. అయితే ఒకటి, ఆ కారణాల్లో చేపల చెరువుల పేరు ఉంటుంది.

చెరువు రైతు:
ఉండనివ్వండి. ఏలూరు మురుగు, బుడమేరులో వచ్చే విజయవాడ మురుగు, పొలాల మందులు కూడా అదే వరసలో రాయండి. మా వాడు అన్నీ చదివి వచ్చి అడిగితే జవాబు చెప్తాను.

ఎకోక్లబ్ మేడమ్:
తెల్లారుజామున నాలుగింటికి పిల్లల్ని చెరువు గట్టు మీదకి తీసుకెళ్లడానికి హెచ్ఎం ఒప్పుకుంటారా మాస్టారూ? ఈత రాని పిల్లలెంతమందో ముందు రాసుకోండి.