క్యాలెండర్ వెనక ఎమ్మెల్యేల పట్టిక: పాణ్యాన్ని ఏ జిల్లా కింద వేయాలి?

ప్రెస్సు పని, కర్నూలు

అందరికీ నమస్కారం. కర్నూలు పాతబస్తీలో నాకు చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు వేస్తుంటాను. డిసెంబరు వస్తే మాత్రం క్యాలెండర్లతో ఊపిరి ఆడదు. ఒక ఎరువుల వ్యాపారి ఏటా నా దగ్గరే రెండు వేల గోడ క్యాలెండర్లు వేయించుకుంటాడు. ఆఖరి షీటు వెనక రాశిఫలాలతో పాటు పాత కర్నూలు, పాత అనంతపురం జిల్లాల ఎమ్మెల్యేల పట్టిక ఉండాలంటాడు. రైతులు దాన్ని చూసే క్యాలెండర్ అడిగి తీసుకుపోతారట. పార్టీ పేర్లు మాత్రం వద్దంటాడు. కొట్టుకు అన్ని పార్టీల వాళ్లూ వస్తారు, బాకీలూ అన్ని పార్టీల వాళ్లవీ ఉన్నాయి.

2019 నుంచి 2022 దాకా నాకు దీనితో ఇబ్బంది లేదు. ఒకసారి టైపు చేసిన ఫైలునే ప్రతి ఏడూ వాడుకున్నా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినాక, 2023 క్యాలెండర్‌కు అదే ఫైలును కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీసత్యసాయి అని నాలుగు ముక్కలు చేశా. పాణ్యం నియోజకవర్గం నంద్యాల పక్కనే కదా అని నంద్యాల కింద పడేశా. అందులోని కల్లూరు మాత్రం కర్నూలు జిల్లాది. సంక్రాంతి దాటకముందే కల్లూరు రైతు ఒకాయన కొట్టుకొచ్చి, 'మమ్మల్ని జిల్లా నుంచి ఎప్పుడు తీసేసినారు?' అని గట్టిగా అడిగినాడంట. వ్యాపారి నా బిల్లులో ఐదు వందలు కోసుకున్నాడు.

సిగ్గుచేటు ఏమిటంటే నా ఇల్లూ కల్లూరులోనే. ఇంటి పన్ను కర్నూలు కార్పొరేషన్‌కే కడతా. పొద్దున ఇంట్లో టీ తాగేటప్పుడు నా ఎమ్మెల్యే గౌరు చరితారెడ్డి, పది గంటలకు షాపు షట్టర్ ఎత్తేసరికి టి.జి. భరత్. ఓటు వేసేది పాణ్యానికి, ఎంపీకి వేసేది నంద్యాలకు, కలెక్టరు మాత్రం కర్నూలులో. మరి పాణ్యాన్ని ఏ జిల్లా కింద వేయాలి?

2024 ఎన్నికలతో పేర్లు కూడా దాదాపు అన్నీ మారినాయి. శుక్రవారం అచ్చుకు ప్లేటు వేయాలి. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రామగిరి కుర్రోడు

అన్నా, నీ బాధే మాదీ. మాది రామగిరి మండలం. మేము, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాం, కలెక్టరు పుట్టపర్తిలో. ఎమ్మెల్యే సీటు మాత్రం రాప్తాడు. ఆ రాప్తాడు ఊరేమో అనంతపురం జిల్లాలో ఉండిపోయింది. ఇంకో తమాషా ఏమంటే ఎమ్మెల్యే పరిటాల సునీత గారి సొంతూరు వెంకటాపురం మా మండలంలోదే. అంటే ఎమ్మెల్యే ఊరు ఒక జిల్లాలో, సీటుకు పేరిచ్చిన ఊరు ఇంకో జిల్లాలో.

ఎంపీ విషయంలో గొడవ లేదు, రాప్తాడు మొత్తం హిందూపురం పార్లమెంటే. బి.కె. పార్థసారథి గారు. నువ్వు పాణ్యం ఒక్కటే అనుకుంటున్నావు, రాప్తాడును కూడా ఏదో ఒక జిల్లాలో పడేసి ఉంటావు, చూసుకో.

ప్రెస్సు పని, కర్నూలు

ఇప్పుడే చూశా తమ్ముడూ. అనంతపురం కింద పడేసినా. మీ వైపు నుంచి ఇంకా ఎవరూ తిట్టలేదంటే క్యాలెండర్ అంత దూరం రాలేదన్నమాట.

జీన్స్ మాస్టర్

ఇంత చర్చ ఎందుకు భయ్యా, నెట్‌లో కొడితే జాబితా వస్తుంది కదా. కాపీ, పేస్ట్.

ప్రెస్సు పని, కర్నూలు

కొట్టినా. మొదట వచ్చిన జాబితాలో ఆలూరు ఎదురుగా గుమ్మనూరు జయరాం అని ఉంది. అది 2019 నాటిది. రెండో దాంట్లో ఆయనే గుంతకల్లు ఎదురుగా ఉన్నాడు. రెండూ నిజమే! 2014లో, 2019లో ఆలూరులో గెలిచినాయన 2024లో పార్టీ మారి, జిల్లా దాటి గుంతకల్లులో గెలిచినాడు. నా పాత ఫైలులో ఆయన పేరు చెరపాల్సిన పనే లేదు, పట్టుకొని పక్క జిల్లాలో పెట్టాలంతే. ఆలూరు ఇప్పుడు విరూపాక్షి.

ఆ పక్కనే ఇంకో విచిత్రం. 2019 ఫైలులో ఆదోని సాయిప్రసాద్ రెడ్డి, మంత్రాలయం బాలనాగిరెడ్డి, గుంతకల్లు వెంకట్రామిరెడ్డి. ముగ్గురూ అన్నదమ్ములే, ముగ్గురి ఇంటిపేరూ 'వై' అక్షరమే. ఈసారి మిగిలింది బాలనాగిరెడ్డి ఒక్కడే. 2009లో మంత్రాలయం సీటు పుట్టినప్పటి నుంచి నాలుగుసార్లూ ఆయనే. మొత్తం 28 వరుసల్లో నేను చెయ్యి పెట్టనక్కర్లేని వరుసలు మూడే: అది, ఉరవకొండ పయ్యావుల కేశవ్, హిందూపురం బాలకృష్ణ.

పదవీ విరమణ, ఎన్నికల సెక్షన్

ప్రెస్సు వారికి. నేను డిప్యూటీ తహసీల్దారుగా చాలా ఏళ్లు ఎన్నికల పని చూశాను. మీరు అడిగిన ప్రశ్నే తప్పు, కోపగించుకోకండి. ఎమ్మెల్యే జిల్లాకు ఉండడు, నియోజకవర్గానికి ఉంటాడు. ఈ రెండు గీతలూ వేర్వేరు చేతులు గీసినవి.

జిల్లా గీత రాష్ట్ర ప్రభుత్వానిది. గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇస్తే మారుతుంది, 2022లో మారింది. నియోజకవర్గం గీత డీలిమిటేషన్ కమిషన్‌ది, అంటే సీట్ల హద్దులు గీసే సంఘానిది. ఇప్పుడున్నది 2001 జనాభా లెక్కలను బట్టి గీసి 2008లో ఆమోదించినది, 2009 నుంచి అన్ని ఎన్నికలూ దాని మీదే. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా దాన్ని ముట్టుకోవడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. విభజన చట్టంలో మన సీట్లు 175 నుంచి 225 చేయవచ్చని రాసినా ఇంతవరకు కాలేదంటే అడ్డు అదే.

2022లో ప్రభుత్వం పెట్టుకున్న సూత్రం పార్లమెంటు సీటుకో జిల్లా. సూత్రం బాగుంది, కానీ నేల మీద నడవదు. పాణ్యం నియోజకవర్గంలో నాలుగు మండలాలు: పాణ్యం, గడివేముల, కల్లూరు, ఓర్వకల్లు. సూత్రం ప్రకారం నాలుగూ నంద్యాలకు పోవాలి. కల్లూరు కర్నూలు పట్టణంలో కలిసిపోయి ఉంది, దాన్ని తీసుకెళ్లి నంద్యాలలో పెడితే జనం ఊరుకుంటారా? అందుకని కల్లూరు, ఓర్వకల్లు కర్నూలులోనే ఉంచారు. విమానం కర్నూలు జిల్లా ఓర్వకల్లులో దిగుతుంది, ఆ నేలకు ఎంపీ నంద్యాల బైరెడ్డి శబరి.

మీ కర్నూలు కార్పొరేషన్‌లో అసలు ముగ్గురు ఎమ్మెల్యేల ఓటర్లు ఉన్నారు. కర్నూలు, పాణ్యం సంగతి మీకు తెలిసిందే, శివారులో కొంత భాగం కోడుమూరుది. ఎన్నికల రోజుల్లో ఓటరు జాబితా పట్టుకొని తిరిగిన వాడికే ఆ నొప్పి తెలుస్తుంది. ఒకే వీధి, ఎడమ వైపు ఒక పార్టు (ఓటరు జాబితాలో ఒక భాగం), కుడి వైపు వేరే నియోజకవర్గం పార్టు. ఒకసారి ఒక ముసలావిడ 'మా ఎదురింటి కోడలి స్లిప్పులో ఒక నియోజకవర్గం, నా స్లిప్పులో ఇంకోటి, పేర్లెందుకు వేరు నాయనా' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

దీన్ని చిన్న విషయం అనుకోకండి. 2024లో మడకశిరలో ఎం.ఎస్. రాజు గెలిచింది 351 ఓట్లతో. ఒక్క పోలింగ్ కేంద్రం అటు ఉందా ఇటు ఉందా అన్నదే ఫలితాన్ని తిప్పేసే చోట, జిల్లా మారినప్పుడల్లా నియోజకవర్గం గీత కదిపితే ఏమవుతుందో ఆలోచించండి. ధర్మవరంలో కూడా తేడా 3,734 మాత్రమే.

మీకు నా సలహా: జిల్లా శీర్షికలు పీకేయండి. ప్రతి నియోజకవర్గానికీ ఎన్నికల సంఘం నంబరు ఉంది. ఆళ్లగడ్డ 134తో మొదలై ఆలూరు 147 దాకా పాత కర్నూలు, సరిగ్గా 14. రాయదుర్గం 148 నుంచి కదిరి 161 దాకా పాత అనంతపురం, అదీ 14. మీ పాణ్యం 138, రామగిరి అబ్బాయి రాప్తాడు 155. నంబరు వరుసలో వేస్తే ఎవరినీ ఏ జిల్లా నుంచీ తీసేసినట్టు ఉండదు.

ఒంటిమిట్ట టీచర్

సార్ చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. మా ఒంటిమిట్ట కడప జిల్లాలోనే ఉంది, సిద్ధవటం కూడా. ఓటు మాత్రం రాజంపేట నియోజకవర్గం, ఆ రాజంపేట 2022 నుంచి 2025 ఆఖరుదాకా అన్నమయ్య జిల్లాలో ఉండేది. కోదండరాముడి కల్యాణానికి ఏర్పాట్లు చూసేది కడప కలెక్టరు, ఎమ్మెల్యేగా ముందు వరుసలో కూర్చోవాల్సింది రాజంపేట ఆకేపాటి అమర్‌నాథ్ రెడ్డి. పిల్లలకు 'మన జిల్లా, మన ప్రతినిధులు' పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద రెండు జిల్లాల పటం గీయాల్సి వచ్చేది.

ప్రెస్సు అన్నయ్యా, ఒక్క మాట. ఇంగ్లీషు జాబితా పెట్టుకొని తెలుగులోకి కొట్టవద్దు. మా జిల్లాలో ఏమవుతుందో చెబుతా. కమలాపురం ఎమ్మెల్యే పుత్తా చైతన్యరెడ్డి, మైదుకూరు ఎమ్మెల్యే పుట్టా సుధాకర్ యాదవ్. ఇంగ్లీషులో రెండు ఇంటిపేర్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మా స్కూల్లో చార్టు రాసిన అబ్బాయి ఇద్దరినీ 'పుట్టా' చేసి ఒకే ఇంటి వాళ్లను చేసేశాడు. మీ వైపు కూడా అలాంటివి ఉంటాయి, చూసుకోండి.

కడప కూడా వేస్తారా? వేస్తే పది సీట్లు, 124 నుంచి 133.

ప్రెస్సు పని, కర్నూలు

కడపకు చోటు లేదమ్మా, షీటు పరిమాణం అంతే. కానీ మీరు చెప్పినాక ప్రూఫ్ మళ్లీ తీసి చూస్తే ఒళ్లు జలదరించింది. నంద్యాల వైపు ఇద్దరు జయసూర్యలు! డోన్ కోట్ల జయసూర్య ప్రకాశ్ రెడ్డి, నందికొట్కూరు గిత్తా జయసూర్య. మా డీటీపీ అమ్మాయి నందికొట్కూరు వరుసను కాపీ చేసి డోన్‌లో పెట్టి, 'గిత్తా' మార్చడం మరిచిపోయింది. అదే అచ్చయి ఉంటే డోన్‌లో నేను తిరగలేను. ఆదోనిలో పి.వి. పార్థసారథి, హిందూపురం ఎంపీ బి.కె. పార్థసారథి, అక్కడా ఇనీషియల్స్ తారుమారు.

సార్, నంబరు వరుస ఆలోచన బంగారం. వ్యాపారికి ఫోన్ చేసి చెప్పినా. 'రైతుకు నంబరు ఎందుకబ్బా, వానికి కావాల్సింది ఎవర్ని అడగాలా అని' అన్నాడు. అందుకే పేరు పక్కన మండలాలు కూడా చిన్న అక్షరాల్లో వేస్తున్నా. కల్లూరు రైతు తన మండలం పేరు వెతుక్కుంటాడు, దొరుకుతుంది, అయిపోతుంది. మంత్రులకు చుక్క పెట్టమన్నాడు, భరత్, ఫరూక్, బీసీ జనార్దన్‌రెడ్డి, కేశవ్, సవిత, సత్యకుమార్ అని ఆరుగురు లెక్క తేలినారు. పెట్టాలా వద్దా?

పదవీ విరమణ, ఎన్నికల సెక్షన్

వద్దు. ఎమ్మెల్యే పదవి ఐదేళ్లు, మంత్రి పదవికి హామీ లేదు. ఏప్రిల్లో ఎవరి శాఖ అయినా మారితే డిసెంబరు దాకా మీ తప్పు గోడకు వేలాడుతుంది. పేర్లు సరిచూసుకోవడానికి ఎన్నికల సంఘం ఫలితాల సైట్‌లో నియోజకవర్గం నంబరు తీసుకొని ఒక్కొక్కటే చూడండి. శాసనసభ సైట్‌లోనూ సభ్యుల జాబితా ఉంటుంది. రెండూ కలిస్తేనే అచ్చు వేయండి.

రామగిరి కుర్రోడు

అన్నా రాప్తాడు వరుసలో మండలాలు వేసేటప్పుడు మా రామగిరి మొదట వెయ్యి. ఎమ్మెల్యే ఊరు మాదే.

ప్రెస్సు పని, కర్నూలు

అక్షర క్రమంలో వేస్తున్నా తమ్ముడూ, ఆత్మకూరు వాళ్లు ముందుంటారు. నన్ను ఇంకో ఐదు వందలు కోయించవద్దు.

28 వరుసలూ సరిచూసినాను. మడకశిర, శింగనమల, కోడుమూరు, నందికొట్కూరు రిజర్వుడు సీట్లు కాబట్టి పక్కన 'ఎస్సీ' అని పెట్టినా. పాణ్యం ఎదురుగా 'కల్లూరు, ఓర్వకల్లు (కర్నూలు జిల్లా). పాణ్యం, గడివేముల (నంద్యాల జిల్లా)' అని రాస్తే వరుస పక్క గడిలోకి పోతోంది. ఫాంటు ఒక పాయింటు తగ్గించి రేపు పొద్దున ఇంకో ప్రూఫ్ తీస్తా. కళ్లజోడు లేకుండా చదవగలిగితే ప్లేటుకు పంపిస్తా.