ఓబీ డంపు పచ్చబడింది, అడవి తిరిగొచ్చినట్టేనా?

అడిగినవారు (రాజురా, చంద్రపూర్ జిల్లా):
అందరికీ నమస్కారం. మా ఊరి పక్కన పాత ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఓబీ డంపు ఉంది, అంటే బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన మట్టీ రాళ్ల గుట్ట. ఎనిమిదేళ్ల కింద మొక్కలు నాటారు. ఇప్పుడు రోడ్డు మీద నుంచి చూస్తే గుట్టంతా పచ్చగా ఉంది. పని పూర్తయింది, సంతకం పెట్టండని మా గ్రామ కమిటీని అడుగుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. పశువులు అటు పోవు, పిట్టల సందడి లేదు. డబ్బు లేదు గానీ చేసే మనుషులున్నారు. మేమే ఎట్లా పరీక్షించుకోవాలి? నెలాఖరుకు మీటింగ్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (బల్లార్‌పూర్):
అన్నా, సంతకం ఆపండి. నర్సరీ, ప్లాంటేషన్ పనిలో చాలా ఏళ్లున్నాను కాబట్టి చెప్తున్నా. ముందు అక్కడున్నవి ఏ చెట్లో చూడండి. డంపుల మీద ఎక్కువగా ఆస్ట్రేలియా తుమ్మ, సుబాబుల్ పెడతారు. చెడ్డ మట్టిలో కూడా బతుకుతాయి, నేలకు నత్రజని ఇస్తాయి, మొదట్లో మంచివే. కానీ ఆస్ట్రేలియా తుమ్మ ఏడాదంతా పచ్చగా ఉంటుంది. మన అడవి అట్లా కాదు కదా! ఏప్రిల్‌లో టేకు, నల్లమద్ది ఆకు రాల్చి మోడుగా నిలబడతాయి. అప్పుడు డంపు ఒక్కటే పచ్చగా కనిపిస్తే అది అడవి కాదు, తోట.

ఉపగ్రహ చిత్రాల్లోనూ ఇదే చిక్కు. సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతాయి, ఒక్కో చుక్క 10 మీటర్ల నేల. ఎన్డీవీఐ లెక్క పచ్చదనం ఎంతో చెప్తుంది, ఏ మొక్కదో చెప్పదు. ఆగస్టు చిత్రం అసలు నమ్మకండి. అప్పుడు వయ్యారిభామ కూడా అడవిలాగే కనిపిస్తుంది. కోల్ ఇండియా గనులకు దాని అనుబంధ సంస్థ సీఎంపీడీఐ ఉపగ్రహాలతో చేసే సర్వే ఉంది, పెద్ద గనులకు ఏటా, చిన్నవాటికి మూడేళ్లకోసారి. అది తీసి చూడండి గానీ, అందులో తెలిసేది విస్తీర్ణమే.

కాబట్టి తాడు పట్టుకుని ఎక్కాల్సిందే. తాడుతో నేల మీద చదరాలు వేసి, లోపలున్న మొక్కలు లెక్కపెట్టండి. చెట్లకు 10 మీటర్ల చదరం, పొదలకు 5, గడ్డికి 1. డంపు తల, వాలు, అడుగు మూడు చోట్లా విడివిడిగా వేయండి. బాగున్న చోటు ఏరుకోవద్దు, యాభై అడుగులకొకటి అని ముందే అనుకోండి. నాటినవి ఒక పేజీలో, వాటంతట అవి మొలిచినవి ఇంకో పేజీలో రాయండి. తునికి, మోదుగ, రేగు, నేరేడు పిల్లమొక్కలు కనిపిస్తున్నాయా? నా దృష్టిలో ఆ రెండో పేజీయే అసలు జవాబు. తవ్వని అడవిలో కూడా అదే వారం, అన్నే చదరాలు వేయండి. పోల్చడానికి అది లేకపోతే మీ అంకెలకు అర్థం లేదు.

మట్టికి పాలపొడి డబ్బా చాలు. రెండు వైపులా కోసి రెండు వేళ్ల లోతు దించి, లీటరు నీళ్లు పోసి టైం చూడండి. డంపర్లు తిరిగిన నేల గట్టిపడి నీళ్లు తాగదు. ఒక జాగ్రత్త. ల్యాబ్‌లో సేంద్రియ కార్బన్ ఎక్కువ వచ్చిందని సంబరపడొద్దు, మట్టిలో కలిసిన బొగ్గు పొడి కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

ఇంకొకరు (వణి):
గడ్డి సంగతి మరవకండి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, గని పని అయ్యాక ఆ నేల మీద మళ్లీ గడ్డి పెంచి మేతకు పనికొచ్చేలా చేయాలన్న షరతు పెట్టమని చెప్పింది. పశువులు పోవట్లేదని మీరు రాసిన ఒక్క మాట పెద్ద సాక్ష్యం. మా దగ్గర ఇంకో పొరపాటు జరిగింది. కాపలా పెడతామని మాటిచ్చినవాళ్లు రెండో ఏడే మానేశారు. మేకలు పడి, మొలిచిన పిల్లమొక్కలన్నీ ఒక్క ఎండాకాలంలో పోయాయి. ఇప్పటికీ ఆ గుట్ట చూస్తే బాధేస్తుంది.

అడిగినవారు:
నిన్న పన్నెండు చదరాలు వేశాం. డంపు తల మీద తుమ్మాకు జానెడు మందాన పరుచుకుని ఉంది, చేత్తో తీస్తే కింద బూడిద రంగు రాళ్ల మట్టి, వానపాము లేదు, వేరు లేదు. డబ్బాలో నీళ్లు అరగంటైనా ఇంకలేదు. అడవిలో పోసినవి గడియారం చూసేలోపే పోయాయి. కానీ అడుగున, అడవి వైపు నుంచి వాగు మట్టి కొట్టుకొచ్చిన చోట, రెండే ఆకులతో తునికి మొలక కనిపించింది. పక్కనే ఇంకో నాలుగు. మా అమ్మ చూసి కూర్చుండిపోయింది. సంతకం సంగతి ఏం చేయాలి?

జవాబు (బల్లార్‌పూర్):
ఆ తునికి మొలకలే మీకు దారి చూపిస్తున్నాయి అన్నా. అడుగు బాగుపడుతోంది, తల బాగుపడలేదు. కాగితం మీద “పూర్తి” అని రాయకుండా మూడు చోట్ల అంకెలూ ఫొటోలతో సహా పెట్టండి. తల మీద తుమ్మను ఒకేసారి కొట్టించొద్దు, మట్టి జారిపోతుంది. పట్టీలు పట్టీలుగా పలచన చేసి, పైమట్టి పోసి, మన విత్తనం వేయమని అడగండి. తునికి పండ్లు ఎండాకాలంలో దొరుకుతాయి, పిల్లలతో ఏరించండి. రేల కాయలు కూడా దాచండి. ఆ విత్తనం పైపొర బాగా గట్టి, మరిగించి దించిన నీళ్లలో రాత్రంతా నానబెడితే తొందరగా మొలుస్తుంది.