కురింజియా, కుఱింజియా?

పడమటి కనుమలలో పూచే ఆ నీలిపూవు పేరును కొందరు కురింజి అనీ, కొందరు కురుంజి అనీ రాస్తున్నారు, ఏది సరైనదని ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది.

తమిళంలో ఈ మాటలోని రెండవ అక్షరం సాధారణ రేఫం కాదు, మనం బండి ఱ అని పిలుచుకొనే శకటరేఫం. తమిళుల ఆఱు, నూఱు, మాఱు అన్న మాటలకు మన ప్రాచీన కావ్యాలలోనూ అవే రూపాలు కనబడతాయి కనుక, ఆ వరుసను పాటిస్తే కుఱింజి అనడమే మూలానికి దగ్గర. చివరి అక్షరాన్ని తమిళులు ‘చి’గా రాసినా, అనునాసికం తరువాత వస్తున్నందున ‘జి’గానే పలుకుతారు; అందువల్ల మన ‘జి’లో దోషం లేదు. మలయాళంలో అది కుఱిఞ్ఞి అయింది. రెండు భాషలలోనూ నడిమి అచ్చు ఇకారమే కాబట్టి కురుంజి అన్న రూపాన్ని విడిచిపెట్టవచ్చు.

ఇది ముళ్లగోరింట కుటుంబానికే చెందిన చిన్న పొద. ఎత్తైన కొండల పచ్చిక బయళ్లలో 12 ఏళ్లకొకసారి కొండవాలంతా ఒక్కమారుగా పూచి, విత్తనాలు రాల్చి, ఎండిపోతుంది. 2006లోనూ 2018లోనూ అలా విరగబూసింది.

అయితే ఈ మాటను పూవు పేరుగా మాత్రమే చూస్తే సగం అర్థం జారిపోతుంది. ప్రాచీన తమిళ కవిత్వంలో ముల్లై అంటే అడవి, మరుదం అంటే పంటపొలం, నెయ్దల్ అంటే కడలితీరం అయినట్టే, కురింజి అంటే కొండసీమ, ఆ సీమకు ముడిపడిన ప్రేమికుల కలయిక కూడా. కుఱుందొగై అన్న ప్రాచీన తమిళ పద్యసంకలనంలోని మూడవ పద్యంలో నాయిక, నల్లని కాడల కురింజిపూలతో తేనె కూడే కొండల ఏలికపై తన ప్రేమ నేలకంటె పెద్దదని అంటుంది. ఇక్కడ పూవు పేరు వినగానే ఆనాటి శ్రోతకు సన్నివేశమంతా తెలిసిపోతుంది. దానిని ‘కొండపూవు’ అని తెనిగించినవారు మాట తేలిక చేశారే గాని, పద్యానికి మేలు చేయలేదని నా అభిప్రాయం. కురింజి అనే ఉంచి, కింద ఒక వాక్యంలో వివరిస్తే సరిపోతుంది.

ఇక శకటరేఫం సంగతి. ఆరు, నూరు అని సాధారణ రేఫంతోనే రాసుకొనే మనం ఈ ఒక్క మాటకు బండి ఱ తగిలించడం అతకదు. నూఱు అని రాసేవారు మాత్రం కుఱింజి అనే రాయాలి.