సీ హారియర్ కాక్‌పిట్‌కు రెజిన్ భాగాలు తెప్పించాలా, చేత్తో చేసుకోవాలా?

సాగరతీరం (చర్చ ప్రారంభించినవారు)
డిసెంబరు 4, నేవీ డే నాటికి విశాఖలోని మనవాళ్లందరం కలిసి 1/48 స్కేలులో (అసలు కొలతలో 48వ వంతు) ఆరు సీ హారియర్ యుద్ధవిమానాల నమూనాలు చేసి ఒకే బల్ల మీద పెట్టాలనుకున్న సంగతి మీకు తెలిసిందే. కిట్‌లో వచ్చే కాక్‌పిట్ సాదాగా ఉంది: ఒక తొట్టి (పైలట్ కూర్చునే గుంత), ఒక సీటు, డయళ్ల కోసం ఒక డెకాల్ (నీటితో తడిపి అతికించే బొమ్మ). సీ హారియర్ కానొపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత) వెనక్కి జరుగుతుంది కాబట్టి, తెరిచి పెడితే లోపలిదంతా కనిపిస్తుంది. అందుకని రెజిన్‌తో (పోశాక గట్టిపడే ద్రవం) విడిగా పోతపోసిన కాక్‌పిట్ సెట్లు తెప్పించాలని కొందరు, ప్లాస్టిక్ షీటుతోనూ రాగి తీగతోనూ ఎవరికి వారు చేసుకోవాలని కొందరు అంటున్నారు. ఆర్డరు పెట్టేదయితే ఈ నెలలోనే పెట్టాలి. దయచేసి కారణాలతో సహా రాయండి.

గాజువాక48
నేను రెజిన్ పక్షం. అసలు విమానంలో 80 మిల్లీమీటర్ల వెడల్పున్న డయలు మన స్కేలులో 1.7 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న వలయాన్ని, దాని చుట్టూ నాలుగు మరలను చేత్తో చెక్కి, అలాంటివి ఇరవై ఒకే తీరుగా తేగలవారు మనలో ఎందరున్నారో నిజాయితీగా చెప్పుకుందాం. కిట్ భాగాలు ఉక్కు అచ్చులో పడతాయి. అచ్చు తెరుచుకునేటప్పుడు భాగం ఇరుక్కోకుండా రావాలి గనుక పక్క గోడల మీద లోతైన వివరాలు పెట్టలేరు. రెజిన్‌ను పోసేది సిలికాన్ రబ్బరు అచ్చులో. రబ్బరు వంగుతుంది కాబట్టి బెల్టు మడత కింద నీడ పడే సందు కూడా వస్తుంది. చెక్ దేశపు ఎడ్యువర్డ్ వారు బ్రాసిన్ పేరుతో అమ్మే రెజిన్ సీటును ఒకసారి భూతద్దం కింద పెట్టి చూడండి, బెల్టు కుట్లు లెక్కపెట్టవచ్చు.

సన్నగీత
సీటు సంగతి వదిలేయండి, గోడ సంగతి చెప్పండి. కిట్ ఫ్యూజ్‌లాజ్ (విమాన దేహం) గోడ మందం ఒక మిల్లీమీటరు, అంటే అసలు విమానంలో 48 మిల్లీమీటర్లు. రెజిన్ తొట్టి దానికి సొంత గోడతో వస్తుంది. రెండు గోడలు కలిసి పట్టవు. కిట్ గోడను లోపలి నుంచి కాగితమంత పలచగా, దీపానికి ఎదురుగా పెడితే వెలుతురు కనిపించేదాకా గీకాలి. నేను నిరుడు ఒక మిగ్-21కు అలాగే గీకుతూ ఉంటే ఎడమ వైపు కన్నం పడింది. పుట్టీ పెట్టి, సాన పట్టి, ప్యానెల్ గీతలు మళ్లీ చెక్కుకునేసరికి మూడు వారాలు గడిచాయి. ఆ సెట్టు కోసం కిట్ ధర కంటే ఎక్కువ ఇచ్చాను, పార్శిల్ అందాక దాని మీద సుంకం కట్టాను. తీరా విప్పితే డయళ్ల ప్యానెలే లేదు. ఇన్ని జరిగాక రెజిన్ వల్ల పని సులువవుతుందంటే నేను ఒప్పుకోను.

గాజువాక48
సన్నగీత గారూ, కన్నం పడింది రెజిన్ వల్ల కాదు, తొందర వల్ల. ప్రతి పది గీతలకూ ఒకసారి తొట్టిని పెట్టి సరిచూసుకోవాలి.

సన్నగీత
ప్రతి పది గీతలకూ చూశాను. తొట్టి అడుగున పోత పోసినప్పుడు మిగిలిన రెజిన్ దిమ్మను కోశాక కూడా అది అర మిల్లీమీటరు ఎత్తులోనే ఉంది. ఆ అర మిల్లీమీటరు ఎక్కడి నుంచి తీయాలో మీరు చెప్పలేదు.

ఎంవీపీ కాలనీ
ఎవరు ఏది చేసినా, రెజిన్‌ను నీటిలో తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దండి, మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

లాసన్స్ బే
ఇంకో మాట. రెజిన్‌ను ప్లాస్టిక్ సిమెంటు కరిగించదు, సూపర్ గ్లూయే వాడాలి. మన ఊరి తేమకు ఆ గ్లూ ఆవిరి కానొపీ లోపలి వైపు తెల్లని పొరలా పడుతుంది. కాక్‌పిట్ అతికించాక ఒక పూర్తి రోజు ఫ్యాను కింద తెరిచి ఉంచి, ఆ తరువాతే కానొపీని ఫెవికాల్‌తో పెట్టండి.

పాత మెకానిక్
మీరందరూ మందం గురించి వాదిస్తున్నారు, ఏ విమానమన్నది ఎవరూ అడగడం లేదు. బయట దొరికే సెట్లు బ్రిటిష్ నౌకాదళపు ఎఫ్‌ఆర్‌ఎస్.1 రకం కోసం చేసినవి. మన నౌకాదళానికి 1983 నుంచి వచ్చినవి ఎఫ్‌ఆర్‌ఎస్.51 రకం. వాటిలో ద్రవ ఆక్సిజన్‌కు బదులు వాయు ఆక్సిజన్ ఉండేది, రెక్కల కింద సైడ్‌వైండర్‌కు బదులు మ్యాజిక్ క్షిపణి ఉండేది. తరువాత కొన్నింటికి బ్లూ ఫాక్స్ రాడార్ తీసేసి ఇజ్రాయెల్ వారి ఎల్టా 2032 పెట్టారు, డెర్బీ క్షిపణి ఇచ్చారు. సాగరతీరం గారు కొన్న డెకాల్ ఆ చివరి రోజులది. దాని కింద పాత రాడార్ కాలపు కాక్‌పిట్ పెడితే, ఎన్ని కుట్లు లెక్కకు వచ్చినా అది ఆ విమానం కాదు.

గాజువాక48
మంచి విషయం చెప్పారు. అయితే ఆ చివరి కాలపు కాక్‌పిట్ ఫొటో ఉంటే పెట్టండి, మార్చవలసినది మారుస్తాము. ఫొటో లేకుండా నోటిమాట మీద తయారైన సెట్టును కోయడం నాకు సమ్మతం కాదు.

పాత మెకానిక్
ఫొటో లేదు. స్థావరంలో కెమెరా నిషేధం. పదకొండేళ్లు, గోవాలో కొంతకాలం, విమానవాహక నౌక విరాట్ మీద కొంతకాలం, ఆ కాక్‌పిట్‌లోకి తల దూర్చి పని చేసినవాణ్ని.

గాజువాక48
మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇలాగే ఒక పెద్దాయన చెప్పిన రంగును నమ్మి, రెండేళ్ల క్రితం ఒక టీయూ-142 (నౌకాదళపు గస్తీ విమానం) నమూనా లోపలి భాగమంతా వేశాను. తరువాత బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా ఉన్న టీయూ-142 మ్యూజియంలోకి వెళ్లి చూస్తే, ఆయన చెప్పింది వేరు, నా కళ్ల ముందున్నది వేరు. జ్ఞాపకం మారుతుంది, ఫొటో మారదు.

పాత మెకానిక్
మ్యూజియంలో ఉన్న రంగు ఉద్యోగంలో ఉన్ననాటి రంగేనని మీకు ఎవరు చెప్పారు? ఇరవై తొమ్మిదేళ్లు ఎగిరి 2017 మార్చిలో విరమించిన విమానం అది. ప్రజల కోసం తెరిచేముందు దానికి ఏమేమి చేశారో మీకు తెలుసా? వేల మైళ్ల అవతల, ఆ విమానాన్ని ఒక్కసారైనా తాకని వ్యక్తి ఫొటోలు చూసి చెక్కిన తొట్టిని మీరు నమ్ముతున్నారు. చేతులకు ఆ విమానపు నూనె అంటినవాణ్ని రుజువు అడుగుతున్నారు. ఇకపై నన్ను ఏమీ అడగవద్దు.

ఎంవీపీ కాలనీ
దయచేసి ఇద్దరూ శాంతించండి.

సన్నగీత
నేను మొదటి నుంచీ గోడ గురించే మాట్లాడాను కానీ, నా బాధ కూడా ఇదే. నిరుడు రెండు నెలలు కూర్చుని కాక్‌పిట్‌ను సొంతంగా చేశాను. చూడటానికి వచ్చినవారు పక్కనున్న రెజిన్ కాక్‌పిట్‌నే చూశారు. ఎందుకంటే దానిలో అన్ని మూలలకూ నల్లని వాష్ (పలచని రంగు) పోసి, అంచులకు వెండి రంగు డ్రై బ్రష్ చేశారు (దాదాపు పొడి కుంచెతో అద్దారు). నిజమైన కాక్‌పిట్ అలా ఉంటుందా అని ఒక్కరూ అడగలేదు.

పాత మెకానిక్
అడిగారు కాబట్టి చెబుతాను. ఉండదు. కాక్‌పిట్‌లో ఒక మర జారిపడితే అది దొరికేదాకా విమానాన్ని ఎగరనివ్వరు, ఎందుకంటే అది కంట్రోళ్ల కింద ఇరుక్కుంటే ప్రాణం పోతుంది. తీసుకెళ్లిన ప్రతి పనిముట్టునూ లెక్కపెట్టి వెనక్కి తెస్తాం. నేలను తుడుస్తాం. ఓడ మీదయితే ఉప్పు గాలికి తుప్పు పట్టిందేమోనని మూలమూలనా టార్చి వేసి చూస్తాం. కాబట్టి మూలల్లో మురికి ఉండదు. అరుగుదల ఉంటుంది, అది కూడా అన్నిచోట్లా కాదు. నిచ్చెన ఆనే వైపు అంచు మీద, మేము ముంజేతులు ఆనించి లోపలికి వంగే చోట, రంగు పోయి లోహం మెరిసేది. పైలట్ ఎక్కేది రోజుకు ఒకటి రెండు సార్లు, మేము వంగేది ఇరవై సార్లు.

లాసన్స్ బే
ఇన్నేళ్లుగా ఆ అరుగుదల పైలట్ బూటుదనుకుని అడుగున వేస్తున్నాను. మారుస్తాను.

గాజువాక48
పాత మెకానిక్ గారూ, నేను రుజువు అడిగిన తీరు తప్పు, క్షమించండి. అయినా పూర్తిగా ఒప్పుకోలేదు. సీటు మాత్రం రెజిన్‌దే వాడతాను. మార్టిన్ బేకర్ మార్క్ 10 సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి ఎగరేసేది) మనకూ బ్రిటిష్ వారికీ ఒకటే కదా, మోకాళ్ల మధ్య ఉండే పసుపు నలుపు చారల పిడితో సహా. ప్యానెల్ మాత్రం మీరు కాగితం మీద గీసిస్తే ప్లాస్టిక్ షీటుతో చేస్తాను.

పాత మెకానిక్
సీటుకు అభ్యంతరం లేదు. అయితే నేల మీద నిలిపిన విమానంలో సీటుకు సేఫ్టీ పిన్నులు, వాటికి ఎర్ర పట్టీలు ఉండాలి. కానొపీ తెరిచి, పైలట్ లేకుండా, పిన్నులు లేకుండా చూపిస్తే మాలో ఎవరైనా దాని దగ్గర నిలబడటానికి కూడా భయపడతారు. ప్యానెల్‌ను ఆదివారం గీసి పెడతాను. ఎడమ వైపు థ్రాటిల్ పక్కన నాజిల్ లివరు (ఇంజను గాలి వెళ్లే దిశను మార్చేది) కూడా గీస్తాను, దాన్ని మాత్రం మరచిపోవద్దు.

సన్నగీత
తొట్టి?

గాజువాక48
తొట్టి చేత్తోనే. మీ అర మిల్లీమీటరుకు నా దగ్గర సమాధానం లేదు.

సాగరతీరం
అలాగయితే సీట్లు మాత్రం ఆరు ఆర్డరు పెడుతున్నాను. ఎర్ర పట్టీలకు ఏ కాగితం వాడాలో ఎవరైనా చెప్పండి.