ఓటరు గైడులోని ఖర్చు అంచనా: తటస్థమే, కానీ సరిపోతుందా?

ఫ్రీమాంట్ ఓటరు:

కాలిఫోర్నియాలో రాష్ట్రవ్యాప్త ఎన్నికలకు ముందు ఇంటికి వచ్చే ఓటరు గైడులో, ప్రజలు నేరుగా ఓటు వేసి తేల్చే ప్రతి చట్ట ప్రతిపాదనకూ (వాడుకలో 'ప్రాప్') అటార్నీ జనరల్ ఇచ్చిన శీర్షిక, సారాంశం, అనుకూల, ప్రతికూల వాదనలతో పాటు చట్టసభకు ఆర్థిక విషయాల్లో సలహా ఇచ్చే లెజిస్లేటివ్ అనలిస్ట్ కార్యాలయం రాసిన విశ్లేషణ కూడా ఉంటుంది. ఆ కార్యాలయం ఏ పార్టీ వైపూ మొగ్గదన్న పేరును నేను కాదనడం లేదు. నా అభ్యంతరమల్లా అది లెక్కించే పరిధి మీద. అద్దెల నియంత్రణలో స్థానిక ప్రభుత్వాలకు మరింత అధికారమిచ్చే ప్రాప్ 33 మీద 2024లో ఓటింగ్ జరిగినప్పుడు, ఆర్థిక ప్రభావం కింద కనిపించిన అంచనా ఏమిటంటే, స్థానిక ఆస్తి పన్ను రాబడి ఏటా కనీసం పదుల మిలియన్ల డాలర్ల మేర తగ్గవచ్చని. అద్దెకుండే కుటుంబానికి ఎంత మిగులుతుందో, ఇంటి యజమానికి ఎంత పోతుందో ఆ వరుసలో లేదు. అంకె ఒక్కటే ఉన్నప్పుడు ఓటరు దాన్నే ప్రతిపాదన అసలు ధరగా తీసుకుంటాడు. ఆ ప్రతిపాదన ఓడిపోవడానికి ఇదే కారణమని నేను అనడం లేదు, కానీ ఆ వరుస ఒక పక్షానికి ఉచిత ప్రచారంగా పనికొచ్చే అవకాశం మాత్రం ఉంది.

శాక్రమెంటో పాఠకుడు:

ఫ్రీమాంట్ ఓటరు గారూ, ప్రభుత్వ ఖజానాకు ఏమవుతుందో చెప్పడమే ఆ కార్యాలయానికి అప్పగించిన పని. బడ్జెట్ విషయంలో గవర్నర్ యంత్రాంగం చెప్పే అంకెల మీదే చట్టసభ ఆధారపడకుండా ఉండటానికి 1941లో దాన్ని నెలకొల్పారు. ఇప్పటికీ ఆ అవసరం తీరలేదు. 2022 సంవత్సరపు ఆదాయ పన్ను గడువు తుపానుల కారణంగా 2023 నవంబరు దాకా వాయిదా పడటంతో, అసలు వసూళ్లు ఎంతో తెలియకముందే రాష్ట్రం బడ్జెట్ ఆమోదించుకోవలసి వచ్చింది. తీరా వసూళ్లు బయటపడ్డాక, డిసెంబరులో అనలిస్ట్ లోటును 68 బిలియన్ డాలర్లుగా అంచనా వేశారు. జనవరిలో గవర్నర్ దాదాపు 38 బిలియన్లని చెప్పారు. ఈ తేడాలో కొంత, పాఠశాలల వ్యయంలో జరిగే మార్పులను లోటులో భాగంగా చూడాలా, లోటును పూడ్చే చర్యగా చూడాలా అన్న పద్ధతి వల్ల వచ్చిందే. అయినా పాలకపక్షానికి నచ్చని అంకెను పాలకపక్షానిదే భారీ మెజారిటీ ఉన్న చట్టసభకు చెందిన కార్యాలయం ప్రకటించగలిగిందంటే, పరిధి ఇరుకుగా ఉండటం, పద్ధతి ముందే తెలిసి ఉండటం అందుకు పెద్ద కారణాలని నేను అనుకుంటున్నాను. అద్దెదారు లాభాన్ని, యజమాని నష్టాన్ని తూచడం మొదలుపెట్టిన రోజున ఆ త్రాసు ఎవరిదన్న తగాదా తప్పదు.

ఇంకొక మాట. ఈ సంస్థ అనుకున్నంత గట్టి పునాది మీద లేదు. చట్టసభ ఖర్చుకు కత్తెర వేసిన 1990 నాటి ప్రాప్ 140 తర్వాత దాని సిబ్బంది సగానికి పైగా తగ్గిపోయారు. ఈ కార్యాలయానికి రాజ్యాంగ హోదా కల్పించబోయిన ప్రాప్ 158ని 1992లో ఓటర్లే తిరస్కరించారు.

లెక్కల మాస్టారు:

పరిధి సంగతి అలా ఉంచి, ఉన్న పరిధిలోనైనా అంచనా ఎంత నిలుస్తోందో చూద్దాం. చిన్న దొంగతనాలకు, మాదకద్రవ్యాలు దగ్గర ఉంచుకోవడానికి శిక్షలు తగ్గించిన ప్రాప్ 47 వల్ల రాష్ట్రానికి ఏటా కొద్ది వందల మిలియన్ల డాలర్ల దాకా మిగలవచ్చని 2014 గైడు చెప్పింది. ఆ పొదుపులో 65 శాతం మానసిక వైద్యానికి, వ్యసన చికిత్సకు, 25 శాతం పాఠశాలలకు, 10 శాతం నేర బాధితులకు వెళ్లాలి. 2016 జనవరిలో గవర్నర్ కింద పనిచేసే ఆర్థిక శాఖ మొదటి ఏడాది పొదుపును 29 మిలియన్లుగా తేల్చింది. అది దాదాపు 100 మిలియన్లు తక్కువ చూపిందని అనలిస్ట్ అన్నారు. ఇద్దరూ లెక్క తెలిసినవాళ్లే, అబద్ధమాడే అవసరం ఇద్దరికీ లేదు. ఖైదీలు తగ్గినప్పుడు మిగిలేది ఒక మంచం ఖర్చా, లేక ఒక జైలు ఖర్చా అన్న ఊహ దగ్గరే ఇలాంటి లెక్కలు వేరైపోతాయి. అటువంటి ఊహ గైడులో ఓటరుకు కనబడాలన్నది నా వాదన.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు:

మన దగ్గర చట్టాల మీద ప్రజలు నేరుగా ఓటు వేసే ఏర్పాటు లేదు గాని, ఈ పరిధి చిక్కు మనకూ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణంలో కండక్టరు ఇచ్చే జీరో టికెట్టు ఆర్టీసీకి ప్రభుత్వం నుంచి రావలసిన బకాయి, అదే టికెట్టు కూలికి వెళ్లే ఆమెకు మిగిలిన చార్జీ. ఎన్నికలకు ముందు ఇందులో ఒక్క వైపైనా లెక్కగట్టి చెప్పే స్వతంత్ర కార్యాలయం మనకు లేదు. కాగ్ నివేదిక వచ్చేది డబ్బు ఖర్చయ్యాకే. కేంద్రం నియమించిన ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో సిఫారసు చేసిన ఫిస్కల్ కౌన్సిల్, అంటే ప్రభుత్వ ఆర్థిక అంచనాలను స్వతంత్రంగా పరిశీలించే మండలి, ఏర్పాటు కాలేదు. అది సగం లెక్కేనని మీరు విసుక్కుంటున్నారు, మాకు ఆ సగమూ లేదు.

ఫ్రీమాంట్ ఓటరు:

ఉన్నదాన్ని తీసేయమని నేను అనడం లేదు. 2008లో హైస్పీడ్ రైలు బాండ్లు 9.95 బిలియన్లయితే, వడ్డీతో కలిపి 30 ఏళ్లలో 19.4 బిలియన్లు కట్టాలని గైడులో రాసింది ఈ కార్యాలయమే. సమర్థకులు ఆ మాట తమ కరపత్రంలో వేసుకోరు. నేను అడిగేది రెండే: అంకె పక్కన "ఇది ప్రభుత్వ లెక్క మాత్రమే" అన్న వాక్యం, అదే కోవలో పాత ప్రతిపాదన ఉంటే దాని అంచనా ఏమైందో చెప్పే ఒక వరుస. ప్రాప్ 47ను పాక్షికంగా వెనక్కి తిప్పిన ప్రాప్ 36 మీద 2024లో ఓటు వేసినవారికి, పదేళ్ల కిందటి అంచనా గతి తెలియడం న్యాయమే కదా?

శాక్రమెంటో పాఠకుడు:

మొదటిదానికి నాకు అభ్యంతరం లేదు. రెండోది చెప్పినంత తేలిక కాదు. 2014 తర్వాత జైళ్లలో జనం తగ్గడంలో ప్రాప్ 47 వాటా ఎంత, పెరోల్ నిబంధనలు సడలించిన 2016 నాటి ప్రాప్ 57 వాటా ఎంత, కోవిడ్ కాలపు విడుదలల వాటా ఎంత అన్నది విడదీయాలంటే మళ్లీ ఊహలే కావాలి. ఆ ఊహలతో రాసిన వరుసను కొత్త ప్రతిపాదన పక్కన పెడితే, దాన్ని ప్రచారానికి వాడుకునేవారు మీరు మొదట చెప్పిన అద్దెల అంకె కన్నా ఎక్కువగానే వాడుకుంటారు. ఆ సమీక్షను ఎన్నికలు లేని ఏడాదిలో, గైడుతో సంబంధం లేకుండా విడిగా ప్రచురిస్తే నేను ఒప్పుకుంటాను.