ఐదు టేకు గుమ్మాలకు ఎంత కలప పడుతుంది?

కొత్తగోడ:
మెయిన్ గుమ్మం ఒకటి: 7 × 3½ అడుగులు, 6×4 అంగుళాల చెక్క, కింద గడప ఉంది. లోపలివి నాలుగు: 7 × 3 అడుగులు, 5×3 చెక్క, గడప లేదు. వడ్రంగి 13 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) తెమ్మంటున్నారు. నా లెక్కకు 11 కూడా రావడం లేదు. తేడా ఎక్కడుంది? దుంగ కొని కోయిస్తే కలిసొస్తుందా?

చిత్రికపట్టు:
ఇద్దరి లెక్కా సరైనదేనండీ. మీది గుమ్మంలో మిగిలే కలప, ఆయనది అడితిలో కొనాల్సిన కలప.

వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో పెట్టి గుణించి 144తో భాగించాలి. మెయిన్ గుమ్మానికి నిలువు చెక్కలు 7 చొప్పున 14 అడుగులు. అడ్డం చెక్కలు గోడలోకి అటూ ఇటూ 3 అంగుళాలు దిగాలి కాబట్టి 4 చొప్పున 8. మొత్తం 22 అడుగులు: 6×4×22÷144 = 3.67. లోపలిది ఒక్కోటి 14 + 3½ = 17½ అడుగులు, అంటే 1.82. నాలుగూ కలిపి 7.29. వెరసి 10.96.

ఇక చిత్రిక, అంటే చెక్కను నునుపు చేసేటప్పుడు పోయే కలప. 5×3 తేలాలంటే 5¼×3¼ కోయించాలి. పావంగుళమే కదా అనిపిస్తుంది గానీ, కలప దాదాపు 14 శాతం పెరుగుతుంది. మెయిన్‌కు కూడా 6¼×4¼ వేస్తే మొత్తం 12.35. కొసల్లో పగుళ్లు కోసేయాలి కదా, 13 న్యాయమైన లెక్కే.

టేపుకొలత:
పొడవులు కూడా చూసుకోండి సార్. 10 అడుగుల చెక్కలో 7 తీస్తే మిగిలిన 3 అడుగులు మీ అడ్డానికి చాలవు. 11 అడుగులదైతే నిలువు, అడ్డం రెండూ వస్తాయి.

బిల్లులో 5×3 అని ఉన్నా ప్రతి చెక్కనూ మధ్యలో టేపు పెట్టి కొలవండి. 4¾×2¾ ఉంటే 13 శాతం లేని కలపకు డబ్బు కట్టినట్టే. మూలల్లో తెల్ల చెక్క ఉంటే పక్కన పెట్టించండి, చెద ముందు పట్టేది దానికే.

రంపంపొట్టు:
దుంగ లెక్క వేరు. మధ్యలో చుట్టుకొలత తీసుకుని, అందులో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. చుట్టు 4, పొడవు 10 అడుగులైతే 1×1×10 = 10 సీఎఫ్‌టీ. గుండ్రటి దుంగలో నిజానికి 12.73 ఉంటుంది, కానీ పక్క చెక్కలు, రంపం పొట్టు అందులోంచే పోవాలి.

దుంగ ధరనూ కోసిన చెక్క ధరనూ నేరుగా పోల్చకండి. దుంగ సీఎఫ్‌టీ 2,000 అనుకుందాం. 10కి పనికొచ్చేది 6 తేలితే మీకు పడేది 3,333, కోత కూలి అదనం. లోపల బోలు ఉంటే ఆ నష్టం కొన్నవారిదే. ఐదు గుమ్మాలకైతే కోసిన చెక్కే తీసుకోండి.