సాక్ష్యం పోతే కేసు కూడా పోయినట్టేనా?

నదిఒడ్డు:
మా అన్నయ్య మీద కొట్లాట కేసు పెట్టారు. గొడవ జరిగినప్పుడు తను అక్కడ లేడు. ఎదురు షాపు కెమెరా చూస్తే తెలిసిపోతుందని మొదటిరోజే స్టేషన్లో చెప్పాం. చార్జిషీటులో ఆ ఫుటేజీ ఊసే లేదు. పాతది చెరిగిపోయిందని షాపాయన అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు ఉంటే చెప్పండి.

నల్లకోటు:
డిఫెన్సు వైపు వాదిస్తుంటాను. ఫుటేజీ లేదన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయరు. కానీ ఉందని తెలిసీ తీసుకోకపోతే పోలీసులు జవాబు చెప్పాలి. వారణాసి హోటల్లో జరిగిన మరణం కేసులో ఇద్దరు ఇటాలియన్లకు యావజ్జీవం పడింది. హోటల్ సీసీటీవీ ఫుటేజీని ప్రాసిక్యూషన్ కోర్టు ముందు పెట్టలేదు. పెడితే ప్రాసిక్యూషన్‌కే వ్యతిరేకంగా ఉండేదని అనుకోవచ్చంటూ 2015లో సుప్రీంకోర్టు వాళ్లను విడుదల చేసింది. అయితే అక్కడ కళ్లారా చూసిన సాక్షి లేడు. మీ కేసులో దెబ్బలు తిన్నవాళ్లు గట్టిగా నిలబడితే ఈ వాదన ఒక్కటే సరిపోదు. ఫుటేజీ సంగతి రాసి ఇచ్చారా?

నదిఒడ్డు:
లేదు సార్, నోటిమాటగానే చెప్పాం.

పాతఫైలు:
నేను కోర్టులో ప్రాపర్టీ, అంటే కేసుల్లో పట్టుకున్న వస్తువులు, చూసే పని చేసి రిటైరయ్యాను. ఒకసారి విచారణ రోజున గోనెసంచి విప్పితే లక్క సీలు పగిలి ఉంది, కత్తికి కట్టిన చీటీ మీద నంబరు చెమ్మకు అలికిపోయింది. ఇదే కత్తి అని సాక్షి చెప్పలేకపోయాడు. అయినా డాక్టరు, గాయపడినవాళ్లు చెప్పింది నమ్మి శిక్ష వేశారు. గంజాయి కేసులు అలా కాదు, అక్కడ సరుకే కేసు. మేజిస్ట్రేటు ముందు మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 52ఎ ప్రకారం జాబితా, ఫోటోలు, శాంపిళ్లు సరిగ్గా తీసుంటే, తర్వాత సరుకు తగలబెట్టినా అవే సాక్ష్యంగా నిలుస్తాయి. తీయకుండా సరుకు మాయమైతే ప్రాసిక్యూషన్‌కు చాలా కష్టం. ఆ చీటీ నంబరు దిద్దించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వెన్నెలదారి:
మా మామయ్య అప్పీలులో కింది కోర్టు ఫైలే దొరకలేదు. ఇద్దరు లాయర్ల దగ్గరున్న కాపీలు, స్టేషన్ కాగితాలు పోగేసి కొత్త ఫైలు కట్టించారు. దానికే రెండేళ్లు పట్టింది.

నల్లకోటు:
నదిఒడ్డు గారూ, ముందు ఆ డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె) ఇంకా ఉందేమో కనుక్కోండి. ఉంటే వెంటనే ప్లగ్ తీసేయమనండి, ఎందుకంటే రికార్డింగ్ నడిచేకొద్దీ పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. హార్డ్ డిస్కును ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని కోర్టులో పిటిషన్ వేయండి, చెరిగినదాంట్లో ఎంతోకొంత దొరకొచ్చు. అన్నయ్య ఫోన్ టవర్ లొకేషన్ కూడా తెప్పించమని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద కోర్టును అడగండి. టెలికాం కంపెనీలు ఆ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలి, గడువు దాటనివ్వకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఐఓను (దర్యాప్తు అధికారిని) మీ లాయరు అడగాల్సింది ఒకటే: కెమెరా ఉందని మీకు ఏ రోజు తెలిసింది?

నదిఒడ్డు:
ఇప్పుడే వెళ్లి వచ్చాను. మొన్న కెమెరాలు మార్చినప్పుడు పాత డీవీఆర్‌ను అటక మీద పడేశారట. తీయించి చూశాను, మీద దుమ్ము పట్టి ఉంది కానీ డిస్కు లోపలే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఉంచమని ఆయనకు రాసిచ్చి, సంతకం చేయించుకున్నాను. సోమవారం పిటిషన్ వేస్తున్నాం.